జీలుగు చెట్టును గీస్తూనే దాని వంశాన్ని నిలుపుకోవడం ఎలా?

తూర్పు కనుమల్లో, ముఖ్యంగా రంపచోడవరం, మారేడుమిల్లి మన్యంలో, జీలుగు చెట్టు తెలియని ఇల్లు ఉండదు. పొలంలో పచ్చిరొట్ట ఎరువు కోసం చల్లే జీలుగ వేరు, ఇది వేరు. ఇది తాడి, ఈత, కొబ్బరి చెట్ల కుటుంబానికి చెందినది, ఆకు చివరలు చేపతోకలా చీలి ఉండే అడవి చెట్టు. శాస్త్రజ్ఞులు దీనిని కార్యోటా యూరెన్స్ అంటారు. దీని గెలను గీసి కల్లు తీస్తారు. తిండి గింజలు అడుగంటిన రోజుల్లో కొండరెడ్లు దీని కాండాన్ని చీల్చి, లోపలి మెత్తని భాగాన్ని దంచి, ఆ పిండితో కడుపు నింపుకున్నారు. 1940ల్లో వారి మధ్య ఉండి వారి జీవితాన్ని నమోదు చేసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ కూడా ఈ పిండి గురించి రాశాడు. ఈ రెండు వాడుకలూ తప్పు కావు. అవి ఆ కొండల్లో బతికే వారి హక్కు, వారి జీవనాధారం. అయితే ఒక కొండ మీద చెట్లు పచ్చగా, వందలుగా కనిపిస్తూ ఉండగానే, వాటి వంశంలోని వైవిధ్యం లోలోపల తరిగిపోవచ్చు. ఆ తరుగును గుర్తించడం, వాడుకను ఆపకుండానే దానిని అరికట్టడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. ఇది జీలుగును గీసే ఊళ్లవారికి, వారితో కలిసి పనిచేసే కార్యకర్తలకు, అటవీ, వృక్షశాస్త్ర విద్యార్థులకు ఉపయోగపడుతుందని నా నమ్మకం.

జన్యు వైవిధ్యం అంటే ఏమిటో ముందుగా ఒక్క మాటలో చెప్పుకుందాం. ఒకే కొండలోని జీలుగు చెట్లన్నీ ఒకేలా ఉండవు. ఒకటి ఎక్కువ కల్లు ఇస్తుంది, ఒకటి ఎండను తట్టుకుంటుంది, ఒకటి పురుగుకు లొంగదు, ఒకటి తొందరగా పూతకు వస్తుంది. ఈ తేడాల్లో కొన్ని నేల వల్ల, నీటి వల్ల వస్తాయి, మరికొన్ని పుట్టుకతో వస్తాయి. పుట్టుకతో వచ్చే తేడాలకు మూలమైన జన్యువుల వేర్వేరు రూపాలు ఒక చెట్ల గుంపులో ఎన్ని ఉన్నాయన్నదే ఆ గుంపు జన్యు వైవిధ్యం. రేపు కొత్త తెగులు వచ్చినా, వరుసగా రెండు మూడేళ్లు వానలు ముఖం చాటేసినా, ఆ గుంపులో తట్టుకునే చెట్లు కొన్నైనా ఉంటాయా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది.

మొదట చెట్టు జీవితక్రమాన్ని అర్థం చేసుకోండి

తాటిచెట్టును చూసిన కళ్లతో జీలుగును చూడకండి, ఎందుకంటే గీత విషయంలో ఈ రెండింటికీ చాలా పెద్ద తేడా ఉంది. తాటిలో పోతు తాడు వేరు, పెంటి తాడు వేరు. ఏదైనా సరే, ఈ ఏడు గీస్తే వచ్చే ఏడు మళ్లీ గెలలు వేస్తుంది. ఈతచెట్టు కూడా గీతకు చావదు, కోత మచ్చలను మెడ పొడవునా మోస్తూ ఏళ్ల తరబడి నిలబడుతుంది. జీలుగు అలా కాదు. అది సుమారు పది, పదిహేనేళ్లు పూత లేకుండా పెరిగి, కాండంలో పిండిని కూడబెట్టుకుంటుంది. ఆ తరువాత తల దగ్గర మొదటి గెల వేస్తుంది. అక్కడి నుంచి కిందికి దిగుతూ, కణుపు తరువాత కణుపున ఒక్కో గెల వేస్తూ, కొన్నేళ్లపాటు పూసి, చివరి గెలతో పాటే ఎండిపోతుంది. దాని జన్మకు పూతకాలం ఒక్కటే. ఆ కొన్నేళ్లలో వచ్చిన గెలలన్నింటినీ గీస్తే, ఆ చెట్టు ఒక్క గింజ కూడా విడువకుండా చనిపోతుంది.

వీలైతే, విచ్చుకుంటున్న ఒక గెలను దగ్గరగా చూడండి. గుర్రపు తోకలా వేలాడే పొడవాటి ఈనెల వెంట పూలు మూడేసి చొప్పున అతుక్కుని ఉంటాయి. మూడింటిలో నడుమ ఉన్నది ఆడపువ్వు, ఇరుపక్కలా ఉన్నవి మగపూలు. మగపూలు ముందుగా విచ్చుకుని, పుప్పొడి రాల్చి, రాలిపోతాయి. నడుమనున్న ఆడపువ్వు మాత్రం అప్పటికి ఇంకా ముడుచుకునే ఉంటుంది. అది సిద్ధమయ్యేసరికి అదే గెలలో దానికి పుప్పొడి దొరకడం కష్టం. కాబట్టి ఆ పుప్పొడి సాధారణంగా వేరే గెల నుంచి, ఎక్కువగా వేరే చెట్టు నుంచి, తేనెటీగల వంటి పురుగుల వెంట రావాలి. బయటి సంబంధం కలుపుకోవడానికి ఈ చెట్టు ఏర్పరచుకున్న పద్ధతి ఇది. కల్లు కోసం గెలను విచ్చుకోకముందే కట్టి, చివర కోసి, రోజూ పలుచగా చెక్కుతారు. కాబట్టి గీసిన గెల విత్తనాన్ని ఇవ్వదు, పుప్పొడినీ ఇవ్వదు. అంటే ఆ చెట్టు ఆ గెల మేరకు తల్లీ కాదు, తండ్రీ కాదు. ఇక్కడి నుంచి చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి.

చెట్ల పుస్తకం మొదలుపెట్టండి

ఒక నోటుపుస్తకం, ఒక ఫోను చాలు. ఊరికి చెందిన కొండవాలును నాలుగైదు భాగాలుగా విడదీసి, ఊళ్లో వాడుకలో ఉన్న పేర్లతోనే, అంటే ఫలానా వాగు పక్క, ఫలానా గుట్ట కింద అని, ఆ భాగాలను రాసుకోండి. పూతకు వచ్చిన ప్రతి జీలుగు చెట్టుకూ ఒక అంకె ఇచ్చి, ఫోనులో ఆ చోటును గుర్తుపెట్టుకోండి. కాండం మీద మేకులు కొట్టకండి, సున్నంతో అంకె వేస్తే సరిపోతుంది.

ఒక్కో చెట్టుకు ఎదురుగా రాయవలసినవి ఇవి: ఈ ఏడు ఎన్ని గెలలు వచ్చాయి, వాటిలో ఎన్ని గీశారు, ఎన్ని విచ్చుకున్నాయి, ఎన్ని కాయపండి గింజ రాల్చాయి. చెట్టు ఎవరి గీతలో ఉంది, కల్లు బాగా ఇస్తుందా, ఓ మాదిరిగా ఇస్తుందా అన్నది గీసే మనిషినే అడిగి రాయండి. ఆయన పరిశీలన ఏ పరికరానికీ తీసిపోదు. దీనితో పాటు ప్రతి భాగంలోనూ పదేసి అడుగుల వెడల్పున ఒక బాట వెంట నడుస్తూ పిల్లమొక్కలను, పూతకు రాని నడి వయసు చెట్లను, ఎండి నిలిచిన మొండేలను విడివిడిగా లెక్కించండి. ఎండిన మొండేలు నిండా ఉండి పిల్లమొక్కలు లేని వాలు ఒకటి కనిపిస్తే, గత పదేళ్ల కథ మీకు అక్కడే తెలిసిపోతుంది.

పిల్లమొక్కలు గుత్తిగా ఒకేచోట ఉన్నాయా, చెదురుమదురుగా ఉన్నాయా అన్నది ప్రత్యేకంగా గమనించండి. ఒకే చెట్టు మొదట్లో యాభై మొక్కలు ఒత్తుగా మొలిచి, మిగతా వాలంతా ఖాళీగా ఉంటే, అవన్నీ దాదాపు ఒక తల్లి బిడ్డలే. పైకి చూస్తే యాభై చెట్ల భవిష్యత్తులా ఉంటుంది కానీ, వంశం లెక్కలో అది ఒక్క ఇల్లే.

చెట్లను కాదు, తల్లిదండ్రులను లెక్కించండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది లెక్క కోసం నేను అనుకున్న కొండ మాత్రమే. పూతకు వచ్చిన చెట్లు అరవై ఉన్నాయి. వాటిలో యాభై ఆరింటిని పూర్తిగా గీస్తున్నారు. ఎక్కలేని చోట ఉన్న నాలుగు మాత్రం సహజంగా పూసి కాస్తున్నాయి. అటవీ లెక్కల్లో అది అరవై చెట్ల కొండ. జన్యుశాస్త్రం లెక్కలో మాత్రం తరువాతి తరానికి తల్లిదండ్రులు నాలుగే. ఒక తరంలో ఒక గుంపు కోల్పోయే వైవిధ్యం, స్థూలంగా, తల్లిదండ్రుల సంఖ్యను రెండుతో హెచ్చించి దానితో ఒకటిని భాగిస్తే వస్తుంది. నలుగురే అయితే ఎనిమిదో వంతు, అంటే ఒక్క తరంలో 12.5 శాతం. ముప్పై మంది అయితే అరవయ్యో వంతు, అంటే రెండు శాతం కన్నా తక్కువ. నలుగురితోనే మూడు తరాలు గడిస్తే మూడో వంతు వైవిధ్యం పోతుంది. జీలుగుకు ఒక తరం పదిహేను, ఇరవై ఏళ్లనుకుంటే, ఈ రోజు గీస్తున్న యువకుడి మనవడు కత్తి పట్టేనాటికి ఇది జరిగిపోతుంది.

ఈ లెక్కలో ముందుగా పోయేవి అరుదైన జన్యురూపాలు. ఒక్కో చెట్టులో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి. అలాంటి ఏ వంద ప్రతుల్లోనో అయిదింట మాత్రమే ఉండే రూపం ఒకటి ఉందనుకోండి. యాదృచ్ఛికంగా మిగిలిన అయిదు చెట్లలో అది ఒక్కదానిలోనూ లేకుండా పోయే అవకాశం సుమారు అరవై శాతం. ముప్పై చెట్లు మిగిలితే ఆ అవకాశం అయిదు శాతానికి లోపే. ఒక్కో కొండకు కనీసం ముప్పై చెట్లయినా గింజ రాల్చాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. పూతకు వచ్చిన చెట్లు ముప్పై కన్నా తక్కువ ఉన్న కొండలో అయితే ప్రతి చెట్టూ ఏదో ఒక గెలతో తల్లి కావలసిందే.

ఆడ, మగ చెట్లు వేర్వేరుగా ఉండే జాతుల్లో లెక్క కొంచెం మారుతుంది. పేము తీగలు అలాంటివే. ఆడ, మగ చెట్లు సమానంగా ఉన్న వంద చెట్లు నిజంగానే వంద చెట్ల పని చేస్తాయి. తొంభై మగ, పది ఆడ మిగిలితే అదే వంద చెట్లు ముప్పై ఆరు చెట్ల పనే చేస్తాయి. పెరూ అమెజాన్‌లో, ఇకిటోస్ పట్నం చుట్టూ ఉన్న చిత్తడి అడవుల్లో జరిగింది ఇదే. అక్కడివారు ఎంతో ఇష్టంగా తినే అగ్వాహే అనే తాటి కుటుంబపు చెట్టు పండు ఆడచెట్లకే కాస్తుంది. ఎక్కడానికి బదులు చెట్టునే నరికి పండ్లు కోయడం అలవాటై, చాలాచోట్ల మగచెట్లే మిగిలాయి. దూరం నుంచి చూసేవారికి అడవి పచ్చగానే కనిపిస్తుంది.

గెలను వదలడం ఎలా?

అన్నింటికన్నా ముఖ్యమైన పని ఇదే. చెట్టును మొత్తంగా గీతకు వదిలేయడం, లేదా మొత్తంగా మినహాయించడం అన్న రెండే దారులు ఉన్నాయనుకోకండి. జీలుగు ఒకదాని తరువాత ఒకటిగా గెలలు వేస్తుంది కాబట్టి, ఒకే చెట్టు కల్లూ ఇవ్వగలదు, గింజా ఇవ్వగలదు.

ఊళ్లో అందరూ ఒప్పుకున్న నియమం ఒకటి పెట్టుకోండి: ప్రతి చెట్టు జీవితంలోనూ కనీసం ఒక్క గెలైనా కత్తి ముట్టకుండా విచ్చుకుని, కాయపండి, రాలాలి. ఏ గెలను వదలాలన్నదీ ముందే నిర్ణయించుకోండి. చాలామంది, ఎలాగూ కల్లు సరిగా రాదని, చిట్టచివరి గెలను వదిలేద్దామంటారు. దీనిని నేను ఒప్పుకోను. కిందికి దిగేకొద్దీ గెలలు చిన్నవవుతాయి, చెట్టులోని పిండి కూడా అప్పటికి ఖర్చయిపోయి ఉంటుంది. గీతతో నీరసించిన చెట్టు చివరి గెల మీద పెట్టుకున్న ఆశ నిలవకపోవచ్చు. రెండో గెలనో, మూడో గెలనో వదలండి. మొదటి గెల గీసేవారికి దక్కుతుంది, చెట్టూ ఇంకా బలంగానే ఉంటుంది.

వదిలిన గెల ఒంటరి కాకూడదు. ఆడపువ్వు సిద్ధమయ్యే నాటికి దగ్గరలోని మరో చెట్టు మీద మగపూలు విచ్చుకుని ఉండాలి. చుట్టూ ఉన్న చెట్లన్నీ ఆ రోజుల్లో గీతలోనే ఉంటే, వదిలిన గెలకు తన చెట్టు పుప్పొడే దిక్కవుతుంది, లేదా కాయలు తాలుగా రాలిపోతాయి. స్వంత పుప్పొడితో పుట్టిన మొక్కల్లో బలహీనమైనవి ఎక్కువగా ఉంటాయి. అందుచేత ఒక వాలులో గెలలను విడివిడిగా కాక, ఒకేసారి మూడు నాలుగు చెట్ల మీద కలిపి వదలండి. ఈ ఏడు వాగు పక్క వాలులో, వచ్చే ఏడు గుట్ట కింద వాలులో అని వంతులు వేసుకుంటే గీసేవారికీ భారం ఉండదు. అయితే వంతు పేరుతో ఒక వాలునంతా వదిలి, తక్కినవన్నీ పూర్తిగా గీయడం మాత్రం మంచిది కాదు. ప్రతి వాలులోనూ ఆ ఏడు కొన్ని గెలలైనా విచ్చుకుంటేనే పుప్పొడి ఒక చోటి నుంచి మరో చోటికి ప్రయాణం చేస్తుంది.

ఇక గీసేవారికి చెప్పడానికి కష్టంగా ఉన్నా, తప్పక చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఏ ఊళ్లోనైనా ముందుగా గీతకు వచ్చేది మంచి చెట్టే. కుండ నిండా కల్లు ఇచ్చే చెట్టు మీద ఒక్క గెలనూ వదలబుద్ధి కాదు. ఒకటి రెండు ముంతలకు మించి ఇవ్వని చెట్టును మాత్రం ఎవరూ పట్టించుకోరు, అది నిశ్చింతగా కాసి గింజలు రాలుస్తుంది. ఆ మంచితనంలో కొంత భాగమైనా పుట్టుకతో వచ్చినదైతే, తరం తరువాత తరం మనమే చేజేతులా మంచి చెట్ల వంశాన్ని ఆపి, పనికిరాని చెట్ల వంశాన్ని పెంచుతున్నట్టు లెక్క. వరి పండించే రైతు మేలైన కంకులను ఏరి విత్తనానికి దాచుకుని, తక్కినది దంచుకుంటాడు. జీలుగు విషయంలో మనం దానికి సరిగ్గా తలకిందులుగా నడుస్తున్నాం. అందుకే మీ పుస్తకంలో ‘బాగా ఇస్తుంది’ అని రాసిన చెట్ల దగ్గరికి ముందుగా వెళ్లండి. వాటి మీద ఒకటికి బదులు రెండు గెలలు వదిలించగలిగితే ఇంకా మంచిది. అలాగని మంచి చెట్లను మాత్రమే తల్లులుగా ఉంచడమూ తప్పే. ఈ రోజు కల్లు తక్కువ ఇచ్చే చెట్టులో, రేపు వచ్చే తెగులును తట్టుకునే గుణం ఉండవచ్చు.

పిండి కోసం నరికేటప్పుడు

కాండంలో పిండి ఎక్కువగా ఉండేది పూతకు ముందే. అందుకే పిండి కోసం నరికిన చెట్టుకు సంతానం ఉండదు. పూత ముగిసిన చెట్టును నరికితే పిండి దక్కదు కనుక, ఇక్కడ గెల వదలడం వంటి మధ్యేమార్గం లేదు. చేయగలిగింది ఏమిటంటే, ఒకేచోట వరుసగా నరకకుండా, ఒత్తుగా పెరిగిన గుత్తుల్లో నుంచి, అంటే ఒకే తల్లి బిడ్డలని మీరు గుర్తించిన చోటి నుంచి, ఒక్కో చెట్టు తీసుకోవడం. ఒంటరిగా నిలిచిన చెట్టును, ఎండ వాలులో తట్టుకుని నిలబడిన చెట్టును మాత్రం ముట్టుకోకండి.

విత్తనం సేకరించి నాటడం

ఇప్పటికే తల్లిచెట్లు తగ్గిపోయిన కొండల్లో గెలలు వదలడం ఒక్కటే చాలదు, మనమే నాటాలి. కాయ ఎర్రబడి మెత్తబడ్డాక సేకరించండి. ఆ గుజ్జులో సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి, చర్మానికి తగిలితే భరించలేని దురద, మంట. ఈ చెట్టు శాస్త్రీయ నామంలోని ‘యూరెన్స్’ అన్న లాటిన్ మాటకు అర్థమే మంట పుట్టించేది అని. చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, కాయలను రెండు మూడు రోజులు నీటిలో నానబెట్టి, గోనెపట్టా మీద ఇసుక కలిపి రుద్ది, ధారగా నీళ్లు పోసి కడగండి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి. కడిగిన గింజలను ఎండలో ఆరబెట్టకండి. నీడన నీరు ఓడ్చి, తడి ఆరకముందే ఇసుక, పశువుల ఎరువు కలిపిన మట్టిలో విత్తండి. మొలక రావడానికి నెలలు పడుతుంది కాబట్టి రాలేదని తవ్వి చూడకండి.

వైవిధ్యం నిలిచేదీ, పోయేదీ ఈ నర్సరీ దగ్గరే. ఒక్కో గెల నుంచి వేల గింజలు వస్తాయి. ఒకే చెట్టు ఎక్కి, ఒకే గెల దింపి, అయిదు వేల మొక్కలు పెంచి పది ఊళ్లకు పంచడం ఎంతో సులువు. చూడడానికి అది గొప్ప పనిలాగే ఉంటుంది. ఆ అయిదు వేల మొక్కలూ ఒక తల్లి పిల్లలు. అవి పెద్దవై తమలో తాము సంపర్కం చెందితే, రెండో తరం అంతా మేనరికం కన్నా దగ్గరి సంబంధంలో పుడుతుంది. కాబట్టి కనీసం ముప్పై తల్లుల నుంచి, నాలుగైదు వాలుల నుంచి గింజలు తెచ్చుకోండి. ఒక్కో తల్లి గింజలకు వేరే సంచి కట్టి, చెట్టు అంకె రాసి, విడివిడిగానే మొలిపించండి. నాటేటప్పుడు ప్రతి తల్లి నుంచీ సమానంగా, ఉదాహరణకు ఇరవయ్యేసి మొక్కలు, తీసి కలపండి. ఈ సమానత్వం చిన్న విషయంలా తోచినా, వైవిధ్యాన్ని నిలపడంలో తల్లిదండ్రుల సంఖ్య దాదాపు రెట్టింపైనంత ఫలితం ఇస్తుంది. బయటి నర్సరీ నుంచి మొక్కలు తీసుకోవలసి వస్తే, ఎన్ని మొక్కలు ఇస్తారని కాక, ఎన్ని తల్లిచెట్ల గింజలతో పెంచారని అడగండి. దానికి జవాబు చెప్పలేని చోట తీసుకోకపోవడమే మేలు. వేరే రాష్ట్రపు కొండల నుంచి తెచ్చిన గింజలను కూడా స్థానిక చెట్ల మధ్య కలపకండి, ఎందుకంటే మీ కొండ వానకూ ఎండకూ తరతరాలుగా అలవాటుపడిన చెట్లు మీ దగ్గరే ఉన్నాయి.

మానుపిల్లిని మరచిపోవద్దు

తల్లిచెట్టు కింద రాలిన గింజ అక్కడే మొలిచి, తల్లి నీడలో చాలావరకు నశిస్తుంది. దానిని మరో వాలుకు చేర్చేది మానుపిల్లి వంటి జంతువులే. మనకు దురద పుట్టించే ఆ గుజ్జును మానుపిల్లి తిని, గింజలను చెక్కుచెదరకుండా విసర్జిస్తుంది. బండల మీద, పడిపోయిన మానుల మీద గుండ్రని నల్లటి గింజలు ముద్దగా కనిపిస్తే, ఒక వాలులోని వంశం మరో వాలుకు చేరిందని రాసుకోండి. ఆ జంతువును ఉచ్చుల్లో పట్టే అలవాటు ఉన్న చోట, ఎన్ని గెలలు వదిలినా వంశాలు ఎక్కడివక్కడే చిక్కుబడిపోతాయి.

బ్రెజిల్ అట్లాంటిక్ అడవుల్లోని జుసారా అనే చెట్టు కథ ఇక్కడ చెప్పుకోవాలి. దాని మొవ్వు తినడానికి బాగుంటుంది. మొవ్వు తీస్తే ఒంటికాండపు చెట్టు చచ్చిపోతుంది, అందువల్ల దొంగకోతలతో ఎన్నో అడవుల్లో అది పలుచబడింది. దానికి తోడు, దాని పెద్ద గింజలను మింగి దూరం మోసే టూకాన్ వంటి పెద్ద నోటి పక్షులు వేటవల్ల, అడవులు ముక్కలు కావడంవల్ల చాలాచోట్ల మాయమయ్యాయి. 2013లో మౌరో గలెట్టి బృందం 22 అడవుల్లోని జుసారా గింజలను కొలిచి చూసింది. పెద్ద పక్షులు లేని అడవుల్లో గింజలు చిన్నవిగా ఉన్నాయని, 12 మిల్లీమీటర్లకు మించిన గింజలు అక్కడ కనిపించడం లేదని తేలింది. చిన్న పక్షుల నోట పట్టే చిన్న గింజలు మాత్రమే నెగ్గుకొచ్చాయి. చిన్న గింజ త్వరగా ఎండిపోతుంది, కాబట్టి వానలు తగ్గే రోజుల్లో ఆ చెట్టుకు ఇది అదనపు కష్టం. గీసినా, నరికినా, పండు కోసినా, ఆ పనితో పాటు ఆ అడవిలోని జంతువులకు ఏమవుతోందో కూడా చూడాలనడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు.

డీఎన్ఏ పరీక్ష చేయదలచినవారికి

విద్యార్థులు, పరిశోధకులు ఇక్కడ సాధారణంగా చేసే పొరపాటు ఒకటి ఉంది. గీత ఎక్కువగా ఉన్న కొండలో పెద్దచెట్ల ఆకులు తెచ్చి పరీక్షించి, వైవిధ్యం బాగానే ఉందని తేల్చేస్తారు. పెద్దచెట్లు గీత పెరగకముందు పుట్టినవి కావచ్చు. అవి చూపేది నిన్నటి వైవిధ్యం. నేటి గీత ప్రభావం పిల్లమొక్కల్లోనే ముందుగా బయటపడుతుంది. కాబట్టి ఒక్కో కొండలో ముప్పై పెద్దచెట్లు, ముప్పై పిల్లమొక్కలు తీసుకోండి. పిల్లమొక్కలను ఒకే గుత్తి నుంచి కాక, దూరదూరంగా ఎంచుకోండి. గీత ఎక్కువగా ఉన్న కొండలను, తక్కువగా ఉన్న కొండలను కనీసం మూడేసి చొప్పున పోల్చండి. ఒక్కో కొండతోనే పోలిస్తే, కనిపించిన తేడా గీతవల్ల వచ్చిందో, నేలవల్ల వచ్చిందో చెప్పలేరు.

లేత ఆకు ముక్కను వేలెడంత కోసి, తుడిచి, తేమను పీల్చే సిలికా జెల్ గుళికలు ఉన్న సంచిలో వేయండి. ఆకు పెళుసుగా విరిగేంత ఎండాలి. గుళికలు రంగు మారితే మార్చండి. ప్రయోగశాలలో మైక్రోశాటిలైట్ గుర్తులతో (డీఎన్ఏలో ఒక చిన్న వరుస పదేపదే వచ్చే చోట్లతో) గానీ, ఇప్పుడు అందుబాటులోకి వచ్చిన విస్తృత డీఎన్ఏ పఠన పద్ధతులతో గానీ పరీక్షించాక మూడు అంశాలను చూడండి. పిల్లమొక్కల్లో జన్యురూపాల సంఖ్య పెద్దచెట్ల కన్నా తగ్గిందా? దగ్గరి బంధువుల మధ్య సంపర్కం పెరిగిందా? పిల్లమొక్కలన్నీ కలిపి ఎంతమంది తల్లిదండ్రుల సంతానం? మొదటి ప్రశ్నకు సగటు వైవిధ్యపు కొలత ఒక్కటే చూస్తే మోసపోతారు. అరుదైన రూపాలు పోయినా సగటు వెంటనే తగ్గదు, అందువల్ల రూపాల లెక్కే ముందుగా హెచ్చరిక ఇస్తుంది. మూడో ప్రశ్నకు జవాబు మీ చెట్ల పుస్తకంలోని కాసిన చెట్ల సంఖ్యతో సరిపోలుతుందో లేదో చూడడం ఈ పనిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం.

ఆకు ముక్క కోసే ముందే అటవీశాఖ అనుమతి, గ్రామసభ సమ్మతి తీసుకోండి. విదేశీ సంస్థకు నమూనాలు పంపాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తప్పనిసరి. ఫలితాలను ఆ ఊరి భాషలో, ఆ ఊరి చెట్టు కిందే చదివి వినిపించండి.

గ్రామసభలో తీర్మానం

ఒక్క మనిషి గెల వదిలితే, మర్నాడు మరొకరు దానిని గీస్తారు. అందుకే ఇది ఊరంతా కలిసి చేయవలసిన పని. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కును గుర్తించడంతో పాటు, సామూహిక అటవీ వనరును కాపాడుకుని నిర్వహించుకునే అధికారాన్నీ గ్రామసభకు ఇచ్చింది. ఏ వాలులో ఏ ఏడు గెలలు వదలాలి, వదిలిన గెలకు ఏ గుర్తు కట్టాలి, ఆ ఏడు ఆదాయం తగ్గినవారికి ఎవరి చెట్టులో వంతు ఇవ్వాలి అన్న మూడింటినీ తీర్మానంలో రాయించండి. మూడోది లేకుండా మొదటి రెండూ నిలవవు. గెల వదిలిన ఇంటికి కల్లు డబ్బు పోతుంది, ఆ భారం ఒక్క ఇంటి మీదే వేయడం న్యాయం కాదు. జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉన్న చోట చెట్ల పుస్తకంలోని వివరాలను ఊరి జీవజాతుల వివరాలు నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో చేర్పించండి.

గుర్తుగా ఎర్రగుడ్డ పేలిక ఒకటి, కింది నుంచి కనిపించేలా, వదిలిన గెల మొదట్లో కట్టండి. కాయలు ఎర్రబడడం మొదలైన తేదీ, రాలడం మొదలైన తేదీ పుస్తకంలో రాయండి. రాలిన మరుసటి వానాకాలం తరువాత అదే చెట్టు చుట్టూ వంద అడుగుల మేర తిరిగి, పిల్లమొక్కలను లెక్కించి, ఆ అంకెను ఆ చెట్టు పేరుకు ఎదురుగా చేర్చండి. తరువాత వాలు దాటి అవతలి వైపుకు కూడా వెళ్లి చూడండి.